ఆఫీసు పని, ఒంటి నొప్పులు: తప్పు కుర్చీదా, డిస్కుదా, పని గంటలదా?

బెంగళూరులో ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఇప్పుడు నొప్పుల కబుర్లు తప్పకుండా వస్తున్నాయి. ఒకరికి మెడ పట్టేసింది, ఇంకొకరికి నడుము లాగుతోంది, మరొకరికి మౌస్ పట్టుకునే చెయ్యి తిమ్మిరెక్కుతోంది. వాళ్లలో చాలామందికి ముప్పై ఐదు కూడా నిండలేదు. ఊళ్లో అమ్మకి చెబితే కాపడం పెట్టుకోమంటుంది. ఎముకల డాక్టరు ఎంఆర్ఐ తీయించి డిస్క్ జరిగిందంటాడు. ఫిజియోథెరపిస్టు కండరాల్లో బలం లేదంటుంది. హెచ్ఆర్ వాళ్లు సరిగ్గా కూర్చోవడం ఎలాగో ఒక వెబినార్ పెడతారు. ఈ రిలీజ్ అయిపోతే అదే తగ్గిపోతుందిలే అని టీమ్‌లో సీనియర్ అంటాడు.

ఒక్క నొప్పికి ఇన్ని కారణాలు విన్నాక మనిషి అయోమయంలో పడటం సహజం. కానీ ఏ కారణాన్ని నమ్ముతామన్నది చిన్న విషయం కాదు. కుర్చీ కారణమైతే ఖర్చు కంపెనీది. కండరాల బలహీనత కారణమైతే బాధ్యత ఉద్యోగిది. డిస్క్ కారణమైతే దారి ఆసుపత్రి వైపు వెళ్తుంది. పని గంటలు, టెన్షన్ కారణమైతే మేనేజరుతో, ఒక్కోసారి ప్రభుత్వంతో మాట్లాడాలి. అందుకే ఒక్కోదానికి ఎంత ఆధారం ఉందో విడదీసి చూడటం అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. మనుషుల్ని పనికి, మామూలు జీవితానికి దూరం చేసే కారణాల్లో అదే మొదటిది.

కండరం, టెండన్, డిస్క్, నరం: నొప్పి ఎక్కడెక్కడ పుడుతుంది

ఎక్కువగా కనిపించేది కండరాల నొప్పి. మెడ వెనక నుంచి రెండు భుజాల మీదుగా వీపు మధ్యదాకా పరుచుకున్న పెద్ద కండరాన్ని ట్రెపీజియస్ అంటారు. సాయంత్రానికి భుజాల మీద బరువు పెట్టినట్టు అనిపించేది దాదాపుగా ఇక్కడే.

కండరాన్ని ఎముకకి కలిపే గట్టి పట్టీ టెండన్. ఒకే కదలిక వందలసార్లు చేస్తే ఇది నొప్పెడుతుంది. మోచేతి బయటివైపు వచ్చేదాన్ని టెన్నిస్ ఎల్బో అంటారు, టెన్నిస్ ఎప్పుడూ ఆడనివాళ్లకే అది ఎక్కువగా వస్తుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర వచ్చేది డి క్వెర్వేన్. ఫోన్ మీద బొటనవేళ్లతో తెగ టైప్ చేసేవాళ్లకి, పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకి ఇది పరిచయమే.

వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండేవి డిస్కులు. వయసుతో పాటు వాటిలో నీరు తగ్గుతుంది, ఎత్తు తగ్గుతుంది, అంచు కాస్త బయటికి ఉబుకుతుంది. ఇలాంటి మార్పులన్నిటికీ కలిపి డాక్టర్లు పెట్టిన పేరు స్పాండిలోసిస్. మనవాళ్లు దీన్నే స్పాండిలైటిస్ అనేస్తారు గానీ, ఆ పేరుతో ఉన్న అసలు జబ్బు వేరు. దాని సంగతి కింద వస్తుంది.

నాలుగోది నరం. నడుములో నరం మూలం ఒత్తుకుంటే నొప్పి పిరుదు మీదుగా మోకాలి కిందిదాకా దిగుతుంది. అది సయాటికా. మణికట్టులో ఒత్తుకుంటే కార్పల్ టన్నెల్. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తే డాక్టర్లు మొదట అనుమానించేది దీన్నే. చిటికెన వేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, చాలాసార్లు మోచేతి దగ్గర ఒత్తుకుంటుంది. మణికట్టులో ఏ నొప్పి వచ్చినా కీబోర్డు వల్ల వచ్చిన కార్పల్ టన్నెల్ అనుకోవడం బాగా అలవాటైంది. కానీ మామూలు కీబోర్డు వాడకానికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం పరిశోధనల్లో బలంగా తేలలేదు. షుగరు, థైరాయిడ్ లోపం, గర్భం, అధిక బరువు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ కూడా షుగరు ఉన్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది. మన కుటుంబాల్లో షుగరు ఎంత మామూలో తెలిసిందే కాబట్టి, భుజం నొప్పితో వెళ్తే డాక్టరు రక్తపరీక్ష రాయడం వెనక కారణం ఉంది.

బరువు ఎత్తకపోయినా కండరం ఎందుకు అలసిపోతుంది

రోజంతా కూర్చునే కదా చేసేది, నొప్పేమిటి అని ఊళ్లో పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొలం పనిలో, ఇంటి పనిలో కండరం బిగుస్తుంది, వదులవుతుంది, మళ్లీ బిగుస్తుంది. వదులైనప్పుడల్లా రక్తం బాగా ప్రవహిస్తుంది. స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు మెడ, భుజాల కండరాలు కొద్దిపాటి బలంతోనే, కానీ గంటల తరబడి బిగుసుకుని ఉంటాయి. నీళ్ల బాటిల్‌ని పదిసార్లు పైకీ కిందకీ ఎత్తడం ఎవరికైనా తేలికే. అదే బాటిల్‌ని చెయ్యి చాచి కదలకుండా ఐదు నిమిషాలు పట్టుకోవడం కష్టం. ఆఫీసు పనిలో భుజానికి జరిగేది ఈ రెండో రకం శ్రమ.

ఇది కంప్యూటర్లతో పుట్టిన సంగతి కూడా కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జినీ ఒక్కో వృత్తిలో వచ్చే జబ్బుల గురించి 1700లోనే రాశాడు. లేఖకులకి వచ్చే నొప్పులకి ఆయన చెప్పిన కారణాలు మూడు: ఎప్పుడూ కూర్చునే ఉండటం, చెయ్యి ఒకే తీరుగా ఆగకుండా కదలడం, తప్పు రాకూడదన్న మానసిక ఒత్తిడి. మూడు వందల ఏళ్ల తర్వాత కూడా పరిశోధకులు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతున్నారు.

స్వీడన్‌కి చెందిన యోరన్ హెగ్ 1991లో ఈ మాటకి శరీరశాస్త్రం వైపు నుంచి ఒక వివరణ ప్రతిపాదించాడు. కండరంలో వేల పోగులుంటాయి. చిన్న పనికి అన్నీ కదలవు, కొన్ని చిన్న పోగులే ముందు పనిలోకి దిగుతాయి, అవే చివరిదాకా పనిలోనే ఉంటాయి. మనిషికి పెద్ద శ్రమ తెలియకపోయినా ఆ కొన్ని పోగులకి మాత్రం రోజంతా విశ్రాంతి లేదు. అందరికంటే ముందు లేచి, అందరికంటే చివర పడుకునే కథలోని పనిపిల్ల సిండ్రెల్లా పేరే ఈ ప్రతిపాదనకి పెట్టారు. అన్ని రకాల నొప్పులకీ ఇది సమాధానం కాకపోవచ్చు గానీ, తేలికపాటి పనిలో కూడా ఎందుకు నొప్పెడుతుందో ఇంత స్పష్టంగా చెప్పిన వివరణలు తక్కువ.

దీనికి అనుబంధంగా ప్రయోగశాలల్లో తేలిన సంగతి ఇంకొకటి ఉంది. మనిషిని కదలకుండా కూర్చోబెట్టి, కష్టమైన లెక్కలు గడువు పెట్టి చేయిస్తే, చేతులతో ఏ పనీ చేయకపోయినా ట్రెపీజియస్ బిగుసుకుంటుంది. క్లయింట్ కాల్‌లో నోరు మెదపకుండా కూర్చున్నవాళ్ల భుజాలు చెవుల దాకా లేచి ఉండటం ఊహ కాదు. టెన్షన్ నేరుగా కండరంలోకి దిగుతుంది.

ల్యాప్‌టాప్‌లో దాగి ఉన్న చిక్కు: ఒక లెక్క

సుజాత అనే ఒక టెస్టింగ్ ఇంజినీరును ఊహించుకుందాం. ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే మన దేశంలో ఆడవాళ్ల సగటుకి దగ్గర. పాదాలు నేల మీద ఆనాలంటే ఆమె కుర్చీ సీటు నేల నుంచి సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కూర్చున్నప్పుడు మోచెయ్యి సీటు కంటే సుమారు 21 సెంటీమీటర్ల పైన ఉంటుంది. అంటే నేల నుంచి మోచేతికి 59. ఆఫీసు టేబుల్ ఎత్తు మామూలుగా 73 నుంచి 75 మధ్య. మోచేతికీ టేబుల్‌కీ మధ్య సుమారు 15 సెంటీమీటర్ల తేడా.

ఈ తేడాని ఆమె శరీరమే భరించాలి. కుర్చీ అలాగే ఉంచితే టైప్ చేసినంతసేపూ భుజాలు పైకి లేచి ఉంటాయి. కుర్చీ 15 సెంటీమీటర్లు పైకి లేపితే చేతులకి బాగానే ఉంటుంది, పాదాలు గాల్లో వేలాడతాయి, తొడల కింద సీటు అంచు నొక్కుతుంది. అప్పుడామె ముందుకి జరిగి సీటు అంచు మీద కూర్చుంటుంది, ఖరీదైన కుర్చీకి ఉన్న వెన్ను ఆసరా వృథా అవుతుంది. ఈ మొత్తం చిక్కు ఒక ఫుట్‌రెస్ట్‌తో చాలావరకు విడిపోతుంది. కానీ ఆమెకి వచ్చే మెయిల్‌లో నిటారుగా కూర్చోండి అని ఉంటుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్. టేబుల్ మీద పెడితే దాని స్క్రీన్ పై అంచు టేబుల్ నుంచి సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. 170 సెంటీమీటర్ల మగమనిషికి కూర్చున్నప్పుడు కళ్లు టేబుల్ కంటే 45 సెంటీమీటర్ల దాకా పైన ఉంటాయి. అతను తల వంచక తప్పదు. స్టాండ్ పెట్టి స్క్రీన్‌ని 20 సెంటీమీటర్లు పైకి లేపితే కీబోర్డు కూడా దాంతో పాటు లేస్తుంది, మెడకి బదులు భుజాలు బాధపడతాయి. స్క్రీన్, కీబోర్డు అతుక్కుని ఉన్నంతకాలం ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతూనే ఉంటుంది. విడి కీబోర్డు, విడి మౌస్ ఉంటేనే ఈ లెక్క తేలుతుంది. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఇద్దరు ముగ్గురు పంచుకునే పీజీ గదిలో టేబుల్ కూడా ఉండదు. అక్కడ వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే మంచం మీద దిండుకి ఆనుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకోవడమే.

నిటారుగా కూర్చోవడం గురించి నిజంగా తెలిసింది ఎంత

పై లెక్క చూసి, తప్పంతా కూర్చునే తీరుదే అనుకోవచ్చు. పరిశోధనలు అంత ధీమాగా చెప్పవు.

స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల నుంచి నడుము డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటి కంటే ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి సుమారు 40 శాతం ఎక్కువని ఆయన లెక్కల్లో వచ్చింది. కూర్చోవడం నడుముకి చేటు అన్న మాటకి చాలాకాలం ఇదే ఆధారం. 1999లో జర్మనీలో విల్కే బృందం మెరుగైన పరికరంతో మళ్లీ కొలిస్తే, నిలబడినప్పుడు 0.50 మెగాపాస్కల్స్, ఆసరా లేకుండా వదులుగా కూర్చున్నప్పుడు 0.46, కుర్చీలో వెనక్కి జారగిలబడినప్పుడు 0.27 వచ్చాయి. ఆ కొలత ఒకే ఒక్క మనిషి మీద చేసింది, కాబట్టి దాన్నీ వేదంగా పట్టుకోలేం. జారగిలబడి కూర్చుంటే డిస్క్ చెడుతుందన్న భయానికి మాత్రం ఆధారం బలహీనపడింది.

ఫోన్ చూస్తూ తల వంచితే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందనే బొమ్మ వాట్సాప్‌లో అందరికీ వచ్చే ఉంటుంది. అది 2014లో అమెరికా వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క. తల 60 డిగ్రీలు వంగితే అంత బలం పడుతుందని దాని అంచనా. మనుషుల్లో నొప్పిని అది కొలవలేదు. బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్లవాళ్ల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్ చూసేటప్పుడు మెడ వంచే తీరుకీ మెడనొప్పికీ సంబంధం దొరకలేదు.

ఇటు ఎర్గోనమిక్స్ (పనిచోటుని శరీరానికి తగ్గట్టు అమర్చే శాస్త్రం) నిపుణుల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. సుజాత భుజాలు రోజుకి ఎనిమిది గంటలు పైకి లేచి ఉండటం కేవలం పోజు సమస్య కాదు, అది ఆగని శ్రమ. ఇద్దరి మాటా కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: వంకరగా కూర్చోవడం కంటే, ఏ భంగిమలోనైనా మార్పు లేకుండా గంటలు గడపడమే ఎక్కువ నష్టం. నిటారుగా కూర్చుని బిగుసుకుపోయినవాడికీ నొప్పి వస్తుంది.

ఎంఆర్ఐ రిపోర్టులో రాసిందంతా నొప్పికి కారణం కాదు

బెంగళూరు తెలుగువాళ్లని ఎక్కువగా భయపెడుతున్నది ఈ కాగితమే. ఎల్4–ఎల్5 బల్జ్, డిస్క్ డెసికేషన్, డీజెనరేటివ్ ఛేంజెస్ లాంటి మాటలు చదవగానే వెన్నుపూస అరిగిపోయిందని మనిషి కుంగిపోతాడు. జిమ్ మానేస్తాడు, పిల్లని ఎత్తుకోవడం మానేస్తాడు, పెళ్లి సంబంధాల్లో దాచాల్సిన విషయంలా కుటుంబం గుసగుసలాడుతుంది.

2015లో బ్రిన్‌జిక్‌జీ బృందం, ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌ల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. నొప్పి లేని 20 ఏళ్లవాళ్లలో 37 శాతానికి డిస్క్ అరుగుదల గుర్తులున్నాయి. 30 ఏళ్లకి 52 శాతం, 50 ఏళ్లకి 80 శాతం. బల్జ్, అంటే డిస్క్ అంచు ఉబకడం కూడా 20 ఏళ్లవాళ్లలో 30 శాతానికి కనిపించింది.

ఈ అంకెల్ని ఒక ఆఫీసు ఫ్లోర్ మీద పెట్టి చూద్దాం. నడుము నొప్పే లేని ముప్పై ఏళ్లవాళ్లని వంద మందిని తీసుకెళ్లి స్కాన్ చేస్తే, సుమారు 52 మంది చేతికి డిస్క్ అరిగిందన్న రిపోర్టు వస్తుంది. వాళ్లలో ఒకరికి వచ్చే నెల మామూలు కండరాల నొప్పి వచ్చిందనుకుందాం. అప్పుడు స్కాన్ తీస్తే అదే అరుగుదల కనిపిస్తుంది, నొప్పికి కారణం దొరికిందని అందరూ అనుకుంటారు. ఆ మార్పు నొప్పి రాకముందు నుంచీ అక్కడే ఉంది.

స్కాన్ పనికిరాదని దీనర్థం కాదు. కాల్లోకి నొప్పి దిగి, బలం తగ్గి, డాక్టరు పరీక్షలో దొరికిన నరం, స్కాన్‌లో కనిపించిన చోటు ఒకటే అయితే ఆ చిత్రం చాలా విలువైనది. అప్పుడు కూడా ఎక్కువమందిలో సయాటికా కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గుముఖం పడుతుంది, బయటికి వచ్చిన డిస్క్ ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. ఇక మొత్తం నడుము నొప్పుల్లో పదింట తొమ్మిదింటికి ఫలానా భాగమే కారణమని వేలు పెట్టి చూపించలేమని వైద్యులు ఒప్పుకుంటారు. నొప్పి నిజం, చూపించగల గాయం లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చన్నది రోగికి అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఐదు నిమిషాల కన్సల్టేషన్‌లో దొరకడం లేదు. అది నన్ను బాధపెట్టే విషయం.

టెన్షన్, నిద్ర, పని గంటలు

1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఒక విచిత్రం జరిగింది. కీబోర్డు మీద పనిచేసేవాళ్లలో, ముఖ్యంగా టెలికాం ఆస్ట్రేలియా సంస్థలో, చేతుల నొప్పుల ఫిర్యాదులు వేలల్లో పెరిగాయి. దశాబ్దం మధ్యలో తారస్థాయికి చేరి తర్వాత తగ్గిపోయాయి. కీబోర్డులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

దీని మీద వాదన ఇప్పటికీ ఆగలేదు. నష్టపరిహారం, పత్రికల హడావుడి కలిసి మామూలు అలసటని జబ్బుగా మార్చాయని కొందరు వైద్యులన్నారు. కొత్త యంత్రాలతో పాటు వచ్చిన వేగపు టార్గెట్లు, విరామాల కోత, పని మీద అదుపు పోవడమే కారణమని, అవి సర్దుకున్నాక నొప్పులు తగ్గాయని యూనియన్లు, కొందరు పరిశోధకులు అన్నారు. నొప్పితో ఉన్నవాళ్లని దొంగలుగా చూడటం వాళ్ల బాధని పెంచిందని ఇంకొందరన్నారు. నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా, ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్న ఉద్యోగాల్లో మెడ, భుజం, నడుము నొప్పులు ఎక్కువని తర్వాత అనేక దేశాల అధ్యయనాల్లో కనిపిస్తూ వచ్చింది. నిద్ర చాలనివాళ్లకి నొప్పి ఎక్కువ తెలుస్తుందన్నదీ అలాగే స్థిరపడింది.

ఈ వెలుగులో బెంగళూరు రోజుని లెక్కేద్దాం. డెస్క్ దగ్గర తొమ్మిది గంటలు. ఔటర్ రింగ్ రోడ్ మీదుగా, సిల్క్ బోర్డ్ దాటి వెళ్లి రావడానికి క్యాబ్‌లోనో బైక్ మీదో రెండున్నర గంటలు. అమెరికా టీమ్‌తో రాత్రి కాల్ ఒక గంట. ఆ తర్వాత ఫోన్ ఒకటిన్నర గంట. మొత్తం పద్నాలుగు గంటలు శరీరం దాదాపు ఒకే మడతలో ఉంది. నిద్రకి ఆరు గంటలు తీసేస్తే మిగతావన్నీ చేసుకోవడానికి దొరికేవి నాలుగు. శుక్రవారం రాత్రి మడివాలాలో బస్సెక్కి ఊరికి వెళ్లేవాళ్లకి ఆ రాత్రి నిద్ర కూడా కుదుపుల్లోనే. ఇందులో కుర్చీ మార్చితే మారేది తొమ్మిది గంటల నాణ్యత మాత్రమే, మిగతా ఐదు గంటల సంగతి అలాగే ఉంటుంది.

2024 జులైలో కర్ణాటకలో ఐటీ రంగానికి రోజుకి 12 గంటలు మించి, మూడు నెలల్లో 125 అదనపు గంటల వరకు పని చేయించుకునే వీలు కల్పించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఐటీ ఉద్యోగుల సంఘం కెఐటీయూ గట్టిగా ఎదిరించింది. ఆ చర్చ ఎక్కువగా కుటుంబ జీవితం, ఉద్యోగాల సంఖ్య చుట్టూ నడిచింది. మెడ, నడుము కూడా ఆ చర్చలో భాగమేనని పై లెక్క చెబుతుంది.

ఆఫీసు ఖాతాలో వేయకూడని నొప్పులు

కొన్ని నొప్పులు పని వల్ల వచ్చినట్టే కనిపించి, వేరే జబ్బుకి గుర్తులవుతాయి. మల మూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం అత్యవసర పరిస్థితి, గంటల్లో వైద్యం అందాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో కూడా తగ్గని వెన్నునొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయ కూడా గుర్తుకురావాలి. నలభై ఐదు లోపువాళ్లకి మూడు నెలలు దాటిన నడుము నొప్పి, పొద్దున లేవగానే అరగంటకి మించి బిగుసుకుపోవడం, కదిలితే తగ్గి విశ్రాంతితో పెరగడం ఉంటే అది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. పైన వేరే జబ్బు అన్నది ఇదే. కుర్చీ నిందపడటం వల్ల దీన్ని గుర్తించడానికి ఏళ్లు పట్టిన సందర్భాలు ఎన్నో. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి ఆగితే తగ్గే ఎడమ భుజం నొప్పి గుండెకి సంబంధించినది కావచ్చు. ఎండ చూడని ఉద్యోగాల్లో విటమిన్ డి లోపం మామూలే. అది తీవ్రమైతే ఒళ్లంతా ఎముకల నొప్పులు వస్తాయి, కానీ ఒక్క మెడ దగ్గర వచ్చే నొప్పికి ఆ మాత్రలు మందన్న ఆధారం గట్టిగా లేదు.

కుర్చీ, స్టాండింగ్ డెస్క్, బెల్టు, వ్యాయామం: దేనికి ఎంత ఆధారం

ఆఫీసు ఉద్యోగుల మెడ, చేతుల నొప్పుల నివారణ మీద 2018లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి తూచే సమీక్ష ఇది), మోచేతి ఆసరాలు, కొత్త రకం మౌస్‌ల విషయంలో ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. అదనపు విరామాలు అసౌకర్యాన్ని తగ్గించవచ్చని తేలింది, ఆ ఆధారం కూడా బలమైనది కాదు. స్టాండింగ్ డెస్క్‌లు కూర్చునే సమయాన్ని రోజుకి గంటన్నర దాకా తగ్గిస్తాయి. అయితే రోజంతా నిలబడటం మందు కాదు. బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడేవాళ్ల కాళ్లు, నడుము నొప్పులు చూసే కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో కూర్చునే హక్కు చట్టాల్లో పెట్టాయి.

వ్యాయామానికి ఆధారం మెరుగ్గా ఉంది. డెన్మార్క్‌లో తరచూ మెడ, భుజం నొప్పితో ఉన్న 198 మందిపై చేసిన ప్రయోగం 2011లో ప్రచురితమైంది. ఒక బృందం రబ్బరు ట్యూబుతో భుజాల వ్యాయామం రోజుకి 2 నిమిషాలు, ఇంకో బృందం 12 నిమిషాలు, వారానికి ఐదు రోజుల చొప్పున 10 వారాలు చేశాయి. పది పాయింట్ల కొలతలో, వ్యాయామం చేయని బృందంతో పోలిస్తే 2 నిమిషాలవాళ్లకి నొప్పి 1.4, 12 నిమిషాలవాళ్లకి 1.9 తగ్గింది. రెంటికీ తేడా ఎంత తక్కువో గమనిస్తే, జిమ్‌కి గంట దొరకదనే సాకు కొంత పలచబడుతుంది. నొప్పి పూర్తిగా పోలేదన్నదీ అంతే నిజం.

దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, నొప్పి గురించి అవగాహనని, కొన్ని రకాల మానసిక చికిత్సలని సమర్థించాయి. నడుము బెల్టులు, ట్రాక్షన్ (వెన్నుని సాగదీసి లాగే చికిత్స) మామూలుగా వాడవద్దన్నాయి. మన మెడికల్ షాపుల్లో బెల్టు ఇప్పటికీ వేలాడుతూనే ఉంది.

పని వల్లే వచ్చిందని తేల్చేది ఎవరు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన ఉద్యోగులకి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలని కేంద్రం చెప్పింది. ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇంకా ఆ వయసుకి చేరలేదు. మన చట్టాల్లోని వృత్తి జబ్బుల జాబితాల్లో సీసం విషం, సిలికోసిస్, శబ్దం వల్ల వినికిడి పోవడం లాంటివి ఉన్నాయి. కంప్యూటర్ పనితో వచ్చే మెడ, మణికట్టు నొప్పులు లేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో మాత్రం కార్పల్ టన్నెల్, డి క్వెర్వేన్, మోచేతి టెండన్ నొప్పి ఉన్నాయి. మన జాబితాలో ఉన్న జబ్బయితే అది పని వల్ల వచ్చిందనే ముందుగా అనుకుంటారు. లేకపోతే రుజువు చేసుకోవాల్సిన భారం ఉద్యోగిదే. ఈఎస్ఐ ఆసరా నెలకి 21,000 రూపాయల లోపు జీతగాళ్లకే. బీపీఓ, డేటా ఎంట్రీ ఉద్యోగులు కొందరు అందులోకి వస్తారు, సుజాత లాంటివాళ్లు రారు.

యూరప్ 1990లో, బ్రిటన్ 1992లో స్క్రీన్ ముందు పనికి ప్రత్యేక నియమాలు తెచ్చాయి. ప్రతి ఉద్యోగి టేబుల్, కుర్చీ, స్క్రీన్ సరిపోయాయో లేదో యజమానే పరిశీలించాలి, మధ్యలో విరామమో పని మార్పో ఉండేలా చూడాలి. బ్రిటన్‌లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. మన కోడ్‌లో స్క్రీన్ పనికి ఇలాంటి ప్రత్యేక నియమం లేదు.

నొప్పికీ పనికీ సంబంధం ఉందా అని తేల్చేటప్పుడు వృత్తి వైద్య నిపుణులు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పని తీరు మారాక నొప్పి మొదలైందా? సెలవుల్లో తగ్గి, పనిలో చేరాక మళ్లీ వస్తోందా? రోజులో ఏ పని చేసేటప్పుడు పెరుగుతోంది? అదే పని చేసే మిగతావాళ్లకీ ఉందా? మొదటి మూడింటికి సుజాత జవాబు చెప్పగలదు. నాలుగోదానికి జవాబు ఆమె దగ్గర ఉండదు. సిక్ లీవులు, ఇన్సూరెన్స్ క్లెయిములు, ఏ ప్రాజెక్టులో ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారన్న లాగిన్ వివరాలు అన్నీ కంపెనీ దగ్గరే ఉన్నాయి. వాటిని పేర్లు తీసేసి ఒకచోట పెట్టి చూడమని యజమానిని అడిగే నియమం వచ్చేదాకా ఆ ప్రశ్నకి జవాబు దొరకదు.